ఓబీడీ డాంగిల్: ఇంజిన్ హీటెక్కినప్పుడు ఎంత పనికొచ్చింది?

మా పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌లో టెంపరేచర్ ముల్లు లేదు. చల్లగా ఉంటే నీలం లైటు, ఉడికిపోతుంటే ఎర్ర లైటు, అంతే. ఎర్రది వెలిగేదాకా ఆగితే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగం అతుకుని మూసి ఉంచే సీలు) మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకని బండి కంప్యూటర్‌లోని వివరాలు ఫోన్‌కి పంపే ఓబీడీ డాంగిల్ కొన్నాను, వెయ్యి లోపు దొరికే ఈఎల్‌ఎం327 చిప్పున్న బ్లూటూత్ రకం. స్టీరింగ్ కింద పోర్టులో గుచ్చి, ఫోన్లో టార్క్ యాప్ తెరిస్తే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఎన్ని డిగ్రీలుందో కనిపిస్తుంది. కొన్నేళ్లుగా వాడుతున్నాను.

ఇది ఫలానా పార్టు పోయిందని చెప్పదు. హీటింగ్ సమస్యకి చాలాసార్లు బండి కంప్యూటర్‌లో తప్పు ఉందని చెప్పే కోడ్ కూడా పడదు. వేడి ఎప్పుడు ఎక్కుతోంది, ఎప్పుడు దిగుతోంది అన్నదే చూపిస్తుంది. అసలు గుట్టంతా అక్కడే ఉంటుంది.

ఒక ఎండాకాలం అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఏసీ చల్లదనం తగ్గిపోయేది, బానెట్ కింద నుంచి వేడి వాసన. షెడ్డులో రేడియేటర్ జామైంది, మార్చాలన్నారు. నాకు నమ్మబుద్ధి కాలేదు, ఎందుకంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎంత తొక్కినా అంకె 88 దగ్గర కదలట్లేదు. రేడియేటర్ పూడిపోతే స్పీడులోనూ, ఘాట్‌లోనూ ముందు తేలాలి కదా! సిగ్నల్ దగ్గర మాత్రం 97, 101, 105 అని ఎక్కేది. అప్పుడు ఫ్యాన్ ఒక్కసారిగా హోరుమని తిరిగి 96కి దించేది. మళ్లీ అదే వరస. అంటే ఫ్యాన్ ఫుల్ స్పీడులోనే తిరుగుతోంది, తక్కువ స్పీడు చచ్చింది. విప్పి చూస్తే ఆ స్పీడుకి కరెంటు ఇచ్చే రెసిస్టర్ కాలి నల్లబడింది. ఫ్యాన్ తిరుగుతోందిగా అనుకుని షెడ్డువాళ్లు అటు చూడనే లేదు. రేడియేటర్ ఖర్చు తప్పింది.

బావమరిది బండిది ఇంకో కథ. "మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకన్నా, తీసేద్దాం" అని ఎవరో మెకానిక్ పీకేశాడు. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు అది. మనవాళ్లకి ఇదో అలవాటు. డాంగిల్ పెట్టి హైవే ఎక్కితే 65 దాటలేదు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. ఇంజిన్ కావాల్సినంత వేడెక్కట్లేదని చెప్పే పీ0128 కోడ్ కూడా పడింది. కొత్త థర్మోస్టాట్ వేశాక కుదురుకుంది.

ఇక దీన్ని గుడ్డిగా నమ్మకూడని చోటు ఒకటుంది. శ్రీశైలం దారిలో డ్యామ్ దాటి సున్నిపెంట వైపు ఎక్కుతుంటే 100 చూపించే అంకె ఉన్నట్టుండి 80కి పడింది. చల్లబడిందని సంబరపడే విషయం కాదది. హోస్ క్లిప్పు వదులై కూలెంట్ కారిపోయింది. సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది, గాల్లో తేలితే నోటికొచ్చింది చెబుతుంది. అంకె మెల్లగా దిగితే మంచిదే, ధబాలున పడితే మాత్రం బండి పక్కకి ఆపి ఇంజిన్ ఆపేయండి. పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యొద్దు, లోపల ఒత్తిడి మీద ఉన్న నీరు మొహాన చిమ్ముతుంది.

యాప్‌లో 105కి అలారం పెట్టుకోండి, నడుపుతూ ఫోన్ చూసే పని తప్పుతుంది. నకిలీ చిప్పులు ఎక్కువ, కనెక్షన్ మధ్యలో తెగుతుంటుంది. నా మొదటిది అలాగే పోయింది. ఐఫోన్‌కి ఈ మామూలు బ్లూటూత్ రకం పనిచేయదు, వైఫైది గానీ బ్లూటూత్ ఎల్ఈ రకం గానీ తీసుకోవాలి. బండి వారాల తరబడి కదలకపోతే డాంగిల్ పీకేయండి, బ్యాటరీని కొద్దికొద్దిగా తాగేస్తుంది.