బరంపురం ప్రైవేటు ఐసీయూ: నొప్పి లెక్క బాగుంది, మతి లెక్క బాగోలేదు

ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు కేసులు ఎక్కువగా చేరే చోటు. ఏసీ, మెషీన్ల సంగతి అందరూ రాస్తారు. గొంతులో గొట్టంతో మాట లేని పేషెంటు బాధను సిస్టర్లు ఎలా కనిపెడుతున్నారన్నదే ఈ రివ్యూ.

నొప్పికి మంచి మార్కులే వేయాలి. మాట్లాడగలిగితే 0 నుంచి 10లో ఎంత అని అడుగుతారు. వెంటిలేటర్ మీదుంటే సీపాట్ స్కేలు: ముఖం, ఒంటి కదలిక, కండరాల బిగువు, మెషీన్‌తో సర్దుబాటు. ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 8. 3 గానీ ఆపైన గానీ వస్తే డాక్టరుకు చెప్తున్నారు. పక్క తిప్పేటప్పుడు, కఫం లాగేటప్పుడు కూడా చూసి రాస్తున్నారు, చాలాచోట్ల వదిలేసేది అదే. బీపీ, నాడి పెరిగితే చాలు నొప్పి అని రాసేయడం లేదు, జ్వరానికీ పెరుగుతాయి కదా.

మత్తు ఎంతుందో చూడ్డానికి రాస్ స్కేలు, −5 (ఎంత లేపినా లేవనంత మత్తు) నుంచి +4 (విపరీతమైన అలజడి). పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచి 10 సెకన్లకు మించి మనవైపు చూస్తే −1, అంతలోపే రెప్పలు వాలిపోతే −2. పగలు బాగానే చూస్తారు. రాత్రి చార్టులో మాత్రం తెల్లారేదాకా −3, −3, −3. నిజంగా పిలిచి చూశారంటే నమ్మబుద్ధి కాదు. ఆ లెక్కన మిడజోలం అనే మత్తుమందు తగ్గించకుండా నడిపిస్తే వెంటిలేటర్ తీయడం ఆలస్యమవుతుంది, డెలీరియం, అంటే ఉన్నట్టుండి మతి తప్పి అయోమయంలో పడే ముప్పూ పెరుగుతుంది.

అసలు తేడా డెలీరియం పరీక్ష దగ్గరే. క్యామ్-ఐసీయూలో 10 ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ, 'ఎ' వినబడినప్పుడల్లా చెయ్యి నొక్కమంటారు. 2 కంటే ఎక్కువ తప్పులైతే ధ్యాస లేనట్టే. ఇక్కడ ఆ సూచన తెలుగువాళ్లకూ ఒడియాలోనే చెప్తున్నారు. అఆలే రాని ముసలామెకు ఇంగ్లీషు 'ఎ' ఏం తెలుస్తుంది? అదే పరీక్షలో అడిగే 'రాయి నీళ్లమీద తేలుతుందా' అన్న ప్రశ్నకూ ఇదే గతి, భాష అర్థంకాక బిక్కమొహం వేస్తే అదీ తప్పు కిందే లెక్క. సూచన తెలుగులో చెప్పించాలి, అక్షరాలు రానివాళ్లకు బొమ్మలతో చేసే పద్ధతీ ఉంది. పరీక్షకు ముందు కళ్లజోడు, చెవి మిషను పెట్టారా అన్నదీ చూడాలి, అవి సంచిలోనే ఉంటున్నాయి.

ఇంకో పొరపాటు. గొట్టాలు పీక్కునేవాడి మీదే అందరి కన్నూ ఉంటుంది. గోడకేసి చూస్తూ పలక్కుండా పడున్నవాణ్ని 'ప్రశాంతం' అని రాసేస్తారు. ఎక్కువగా చేజారేది ఆ రకం డెలీరియమే.

5కి 3. చేర్పించేవాళ్లు తెలుగొచ్చిన సిస్టర్‌ను మొదటిరోజే అడగండి. పగటి షిఫ్టులో ఉన్నారు, రాత్రి దొరకరు.