పలెర్మోలో వారం రోజులు, మూడో అంతస్తు మెట్లతో సహా

ఇటలీలోని సిసిలీ దీవిలో ఉన్న పలెర్మోలో దిగిన రోజే పప్పులో కాలేశాం. మధ్యాహ్నం రెండింటికి కూరగాయలు తెద్దామని బయల్దేరితే వీధిలో సగం షట్టర్లు దించి ఉన్నాయి. అక్కడ చిన్న దుకాణాలు ఒంటిగంటకు కట్టేస్తే మళ్ళీ తెరిచేది నాలుగు దాటాకే. జూన్ ఎండలో తిరుగుతున్నది మేమూ, మాలాంటి టూరిస్టులూ. సిసిలీలో ఊరివాళ్ళలా తిరగాలంటే ముందు వాళ్ళ టైమింగ్ అలవాటు చేసుకోవాలి. పొద్దున్నే బజారు, మధ్యాహ్నం కునుకు, చల్లబడ్డాక వీధి.

మేం దిగింది బల్లారో మార్కెట్ పక్క సందులో ఒక అపార్ట్‌మెంట్‌లో. ఫోటోల్లో బాల్కనీ నాలుగు వైపుల నుంచీ ఉంది, మెట్లు మాత్రం ఒక్క ఫోటోలోనూ లేవు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, మాతో అమ్మ, అమ్మతో ఆవిడ మోకాళ్ళు. ఏసీకి రోజువారీ చార్జీ వేరే అని ఓనరు తాళాలు ఇచ్చేటప్పుడు చెప్పాడు. తల ఒక్కింటికి, రాత్రికి ఇంతని కట్టే టూరిస్ట్ పన్ను సరైనదే, దాంతో పేచీ లేదు. కింద మ్యూజిక్ అర్ధరాత్రి దాటినా ఆగదు. కుర్రాళ్ళకైతే స్వర్గం. పెద్దవాళ్ళుంటే మక్వేదా అనే పెద్ద వీధికి ఒక సందు లోపలగా చూసుకోండి. లిఫ్టు ఉందో లేదో మెసేజ్‌లో అడిగి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.

కానీ బల్లారో పక్కన ఉన్నందుకు లాభమూ దక్కింది. పొద్దున ఎనిమిదింటికల్లా బజారులో అరుపులు మొదలు. ఒక బండి దగ్గర పనెల్లె వేస్తున్నాడు. అమ్మ ఒకటి కొరికి, "శనగపిండేరా ఇది. నీళ్ళలో గట్టిగా ఉడికించి, పలకలా ఆరబెట్టి, ముక్కలు కోసి వేయిస్తున్నాడు" అని నేను ఫోన్ తీసేలోపే తేల్చేసింది. నువ్వులద్దిన బన్నులో నాలుగు ముక్కలు పెట్టి, నిమ్మకాయ పిండి ఇస్తాడు. వారంలో ఐదు రోజులు మా టిఫిన్ అదే. శాకాహారులకు ఒక మాట: స్ఫించోనె అనే మెత్తటి పిజ్జా చూడ్డానికి ఉల్లిపాయ, టమాటాలా ఉంటుంది గానీ అందులో చిన్న చేపలు కలుపుతారు. అడిగి తినండి. కాఫీ కౌంటరు దగ్గర నిలబడి తాగితే చవక, కూర్చుంటే రేటు మారుతుంది. హోటళ్ళలో కోపెర్తో పేరుతో, అంటే టేబుల్ చార్జీగా, మనిషికింత బిల్లులో కలుస్తుంది, అది మోసం కాదు.

చూసినవాటిలో కప్పెల్లా పలతీనాకు సాటి లేదు. అప్పట్లో సిసిలీని ఏలిన రెండో రోజర్ రాజు కట్టించి 1140లో ప్రతిష్ఠ చేయించిన చాపెల్. గోడల మీద బంగారు మొజాయిక్ క్రీస్తు, పైన అరబ్బు పనితనంతో చెక్కిన చెక్క కప్పు. బయట గోడకు 1142 నాటి నీటి గడియారం తాలూకు శాసనం ఉంది, లాటిన్, గ్రీకు, అరబీ మూడు భాషల్లోనూ. తలుపు తీసే వేళకే వెళ్ళండి. పదింటికి బృందాలు దిగితే మెడ ఎత్తే చోటు కూడా ఉండదు.

ఇక బీచ్‌లు. మొండెల్లో బీచ్ ఊరికి దగ్గరే, సిటీ బస్సులోనే వెళ్ళొచ్చు, నీళ్ళు లేత నీలం. మేం ఆదివారం వెళ్ళాం, అదీ మా తెలివి. ఊరంతా అక్కడే. ఇసుకలో ముప్పావు వంతు అద్దె గొడుగులు, కుర్చీలే. తువ్వాలు పరిచే జాగా దొరికేసరికి అలిసిపోయాం.

సముద్రం ఒడ్డునే ఉన్న చెఫలూ అనే చిన్న ఊరు వేరు. పలెర్మో నుంచి రైల్లో గంట లోపే, టికెట్ ఆరేడు యూరోలు. కాగితం టికెట్ అయితే ఎక్కేముందు ప్లాట్‌ఫాం దగ్గర మెషీన్లో ముద్ర కొట్టించాలి. నేను మర్చిపోతే పక్కనున్న పెద్దాయన నా చేతిలోది లాక్కుని తనే కొట్టించి ఇచ్చాడు. పాత ఊరి గోడల కిందే ఇసుక, అలలు చిన్నవి, వెనక 1131లో మొదలైన కెథెడ్రల్. ఎండ ముదిరాక సందుల్లోకి వస్తే పాత చాకిరేవు ఉంది. మెట్లు దిగితే రాతి తొట్లు, గోడలోని సింహం తలల నోళ్ళ నుంచి నీళ్ళు. అమ్మ చెప్పులు విప్పి ఆ చల్లదనంలో అరగంట కూర్చుంది. లెమ్మంటే, "మీరు సముద్రానికి పోయి రండి, నాకిదే బీచ్" అంది.

మళ్ళీ వెళ్తే పలెర్మోలో నాలుగు రాత్రులు, చెఫలూలో రెండు. ఇల్లు మాత్రం గ్రౌండ్ ఫ్లోర్‌లో.