సుపీరియర్ డ్రమ్మర్ 3, ఈజీ డ్రమ్మర్ 3: మన పాటకి ఏది మేలు?

తిరుపతిలో ఇంట్లోనే ఒక గదిని స్టూడియో చేసుకుని భక్తి పాటలు, చర్చి పాటలు, గంగమ్మ జాతర పాటలు చేసేవాళ్ళం చాలామందే ఉండాం. తమ్ముళ్ళు ఫోన్ చేసి అడిగేది ఒకటే, అన్నా, డ్రమ్స్‌కి సుపీరియర్ కొనేదా, ఈజీ కొనేదా అని. రెండూ కంప్యూటర్‌లో డ్రమ్స్ వాయించే సాఫ్ట్‌వేర్లు, టూన్‌ట్రాక్ అనే కంపెనీ వాళ్ళవే, రెండూ నేను వాడతా ఉండా, కానీ వాటిలోని డ్రమ్స్‌ని రికార్డ్ చేసిన ఇంజనీర్ల చెవులు వేరు.

సుపీరియర్‌ని రికార్డ్ చేసింది జార్జ్ మాసెన్‌బర్గ్ అనే ఇంజనీర్, బెల్జియంలో గెలాక్సీ స్టూడియోస్‌లో. సౌండ్‌లో మనకి కావాల్సిన చోట పెంచి తగ్గించేదానికి రోజూ తిప్పే పారామెట్రిక్ ఈక్యూ ఉంది కదా, దాని మీద 1972లో పేపర్ ఇచ్చింది ఆయనే. అట్లాంటాయన ఏ మెరుగూ పెట్టకుండా పచ్చి సౌండ్ మన చేతికిచ్చినాడు, మొత్తం 230 జీబీ పైనే. ముందే సర్దిపెట్టిన ప్రీసెట్లు తీసేసి, పుల్లతో టప్పున కొట్టే స్నేర్ డ్రమ్ ఒక్కటే వింటే చప్పగా ఉందే, ఇంత డబ్బు పెట్టింది దీనికా అనిపిస్తుంది, నాకూ అనిపించింది.

దాని విలువ తెలిసింది ఒక అన్నమయ్య కీర్తన చేసేటప్పుడు. మృదంగం లైవ్‌లో తీసినాం, వాయించినాయన ఎడమ పక్క రవ్వముద్ద బాగా పట్టించి కూర్చున్నాడు, ఆ గుంకి పడితే గదంతా అదురుతా ఉంది. దాని కింద బాగా తయారై వచ్చిన కిక్, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్, పెడితే రెండూ ఒకదాన్నొకటి తొక్కుకుంటా ఉన్నాయి, ఏది మృదంగమో ఏది కిక్కో తెలీదు. సుపీరియర్‌లో కిక్ లోపలి మైకు తగ్గించి, డ్రమ్స్ పైన పెట్టే ఓవర్‌హెడ్ మైకులు కొంచెం పైకి తెచ్చి, స్నేర్ మైకులోకి పక్క డ్రమ్స్ నుంచి వచ్చే బ్లీడ్ ఆపేసి, గది మోత పట్టే రూమ్ మైకులు దాదాపు మూసేస్తే అప్పుడు మృదంగానికి చోటు దొరికింది. పచ్చిగా ఉంది కాబట్టే అది కుదిరింది.

ఈజీది ఇంకో దారి. 2022లో వచ్చింది, మైకేల్ ఇల్‌బెర్ట్ అనే ఇంజనీర్ బెర్లిన్‌లో హన్సా స్టూడియోస్‌లో చేసినాడు, 1977లో ఇంగ్లాండ్ గాయకుడు డేవిడ్ బోవీ రికార్డ్ చేసుకున్న చోటది. మెయిన్, బ్రైట్, టైట్ అని మూడు గదుల సౌండ్ ఇచ్చినారు, మీరు చేయాల్సిందల్లా పాటకి ఏ గది నప్పుతుందో ఎంచుకోవడమే. దాంట్లో బ్యాండ్‌మేట్ అని ఉంది, గిటార్ ట్రాక్ దాంట్లో పడేస్తే సరిపోయే గ్రూవ్‌లు, అంటే డ్రమ్స్ నడకలు, అదే చూపిస్తుంది. చర్చి పాటకి, షార్ట్ ఫిల్మ్‌కి, రేపు పొద్దున్నే ఇచ్చేయాల్సిన పనికి నేను ఇదే తెరుస్తా, ఇంకో ఆలోచన లేదు.

స్టీవెన్ స్లేట్ డ్రమ్స్ 5 అని వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్ గురించి కూడా అడుగుతారు. అది ఇంకా గట్టిగా, మిక్స్‌లో కూర్చునేట్టు తయారై వస్తుంది, రాక్ పాటకి బాగుంటుంది, ఫ్రీ వెర్షన్ ఉంది కాబట్టి ముందు అది దించుకుని వినండి.

ఒక్క మాట, ఇంజనీర్ పేరు చూసి మోజు పడి కొనద్దండి. సుపీరియర్‌కి ఎస్‌డీఎక్స్‌లని అదనపు సౌండ్ ప్యాక్‌లు విడిగా అమ్ముతారు, అవి ఈజీలో పనిచేయవు. గేటెడ్ రివర్బ్‌తో, అంటే స్నేర్ మోతని పెద్దగా మోగించి ఠక్కున తెగ్గోసే పద్ధతితో, పేరు తెచ్చుకున్న హ్యూ పాడ్గమ్ చేసిన ప్యాక్ హిట్‌మేకర్, ఆల్ ష్మిట్ చేసింది డెకేడ్స్. ఇద్దరూ మహామహులే, కానీ మీ పాటలో వీణ పక్కన ఆ ఎనభైల నాటి పెద్ద స్నేర్ ఎందుకు చెప్పండి?

డౌన్‌లోడ్ సంగతి. మా వీధిలో ఎండాకాలం కరెంట్ రెండుసార్లు పోయి నాకు రాత్రంతా పట్టింది. సుపీరియర్‌ని భాగాలుగా ఇస్తారు, బేసిక్ ఒక్కటి ముందు దించుకోండి, చుట్టూ స్పీకర్లు పెట్టి వినేదానికి తీసిన సరౌండ్ మైకులు మామూలు రెండు స్పీకర్ల పనికి అక్కర్లేదు. కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌డీ, అంటే వేగంగా చదివే డిస్క్, మాత్రం తప్పనిసరి.

కాబట్టి కీబోర్డ్, గిటార్, గొంతు అంతవరకే మీ పని అయితే ఈజీ చాలు, మిగిలిన డబ్బుతో మంచి మైకు కొనుక్కోండి. మృదంగమో డప్పో లైవ్‌లో తీసేవాళ్ళయితే కొంచెం ఆగి డబ్బు కూడబెట్టుకుని సుపీరియరే తీసుకోండి. దాంట్లో ట్రాకర్ అని ఉంది, రికార్డ్ చేసిన డప్పుని దానికిస్తే దెబ్బల్ని మిడిగా, అంటే ఏ డ్రమ్‌తోనైనా వాయించుకోగలిగే నోట్లుగా, మారుస్తుంది, ఒకటి రెండు తప్పు పడితే చేత్తో సరిచేసుకుని, డప్పు పడిన ప్రతిచోటా కింద ఫ్లోర్ టామ్, అంటే నేల మీద నిలబెట్టే లోతు డ్రమ్, సన్నగా పెట్టి చూడండి, జాతర పాటకి ఎంత బరువొస్తుందో మీకే తెలుస్తుంది.