ఖాళీ అయిన కమిట్: తీసేయాలా, ఉంచాలా, ఆగి చూడాలా?

కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో, ఒక బ్రాంచ్‌లోని (విడిగా సాగే మార్పుల వరుస) కమిట్లను, అంటే మెసేజ్‌తో నమోదైన మార్పులను, మరో బ్రాంచ్ మీద మళ్లీ వేయడమే రీబేస్. ఆ మధ్యలో ఒక్కోసారి ఓ కమిట్ ఖాళీ అయిపోతుంది. మనం సరిచేసిన బగ్‌నే అవతలి బ్రాంచ్‌లో ఇంకొకరు అప్పటికే సరిచేసి ఉంటారు. మార్చడానికి ఏమీ ఉండదు, మెసేజ్ మాత్రం మిగులుతుంది. గిట్ రీబేస్‌లో ఇలాంటప్పుడు ఏం చేయాలో చెప్పే ఆప్షన్ పేరు ఎంప్టీ. 2020లో 2.26 వెర్షన్‌తో వచ్చింది. దానికి డ్రాప్ (తీసేయి), కీప్ (ఉంచు), స్టాప్ (ఆగు) అని మూడు విలువలు (స్టాప్ పేరు మొదట్లో ఆస్క్).

ఈ మూడూ దారిలో ఖాళీ అయిన కమిట్ల గురించే. పుట్టుకతోనే ఖాళీగా ఉన్నవి వేరు. బిల్డ్‌ను మళ్లీ నడిపించడానికో, ఒక రిలీజ్‌కు గుర్తుగానో ఎవరో కావాలనే, ఖాళీ కమిట్‌ను అనుమతించే అలౌ ఎంప్టీ ఆప్షన్‌తో చేసిన కమిట్లు అవి. రీబేస్ వాటిని మామూలుగా ఉంచేస్తుంది, తీసేయాలంటే నో కీప్ ఎంప్టీ అని విడిగా చెప్పాలి. ఇది సరైన పద్ధతి. ఒకరు తెలిసి పెట్టినదాన్ని పనిముట్టు తనంతట తాను తీసేయకూడదు.

మామూలు రీబేస్ డ్రాప్‌తోనే నడుస్తుంది. రోజూ మెయిన్ (ప్రధాన బ్రాంచ్) మీదికి తెచ్చుకునే సొంత బ్రాంచ్‌కు అదే మేలు, ఖాళీ కమిట్లు రివ్యూ చేసేవారి సమయం తినేస్తాయి. పెద్ద రిపాజిటరీ (ప్రాజెక్ట్ కోడ్, దాని చరిత్ర ఉండే చోటు) నుంచి ఒక ఫోల్డర్ చరిత్రను మాత్రమే విడదీసేటప్పుడు డ్రాప్ తప్ప మార్గం లేదు, ఆ ఫోల్డర్‌ను తాకని కమిట్లన్నీ ఖాళీ అవుతాయి కాబట్టి. అందుకే చరిత్రను తిరగరాసే ఫిల్టర్ రెపో అనే పనిముట్టు కూడా దారిలో ఖాళీ అయినవాటిని తీసేసి, మొదటి నుంచీ ఖాళీగా ఉన్నవాటిని వదిలేస్తుంది. అదే పనికి వాడే పాత ఫిల్టర్ బ్రాంచ్ కమాండ్‌లో అయితే ప్రూన్ ఎంప్టీ అని మనమే అడగాలి.

అయితే డ్రాప్‌తో పోయేది మెసేజ్. కోడ్ రెండు చోట్లా ఒకటే కావచ్చు, ఆ మార్పు ఎందుకు చేయాల్సి వచ్చిందో మాత్రం నా కమిట్‌లోనే రాసి ఉండవచ్చు. ఓసారి టైమౌట్ పెంచడానికి కారణం వివరిస్తూ మూడు పేరాలు రాశాను. అదే అంకెను అవతల మార్చినవారు ఒక్క ముక్క కూడా రాయలేదు. రీబేస్ నా కమిట్‌ను తీసేస్తూ, ఇది అప్పటికే అక్కడుందని ఒక్క వరుస చూపించింది. నేను గమనించలేదు. వారం తర్వాత, బ్రాంచ్ ఎప్పుడు ఏ కమిట్ దగ్గర ఉందో గిట్ రాసుకునే రెఫ్‌లాగ్‌లో వెతికి తెచ్చుకున్నాను. అలా వేరుపడిన కమిట్ల ఆనవాలు మామూలుగా 30 రోజులే ఉంటుంది.

ఇక్కడే స్టాప్ విలువ తెలుస్తుంది. రీబేస్ ఆగుతుంది. మెసేజ్ చదివి, అక్కర్లేకపోతే స్కిప్, కావాలంటే అలౌ ఎంప్టీతో కమిట్. కమిట్ల జాబితాను మనమే సవరించుకునే ఇంటరాక్టివ్ రీబేస్‌లో ఇదే డిఫాల్ట్. ఎంచుకున్న కమిట్‌ను వేరే బ్రాంచ్‌కు తెచ్చే చెర్రీ పిక్ కూడా ఆగే అడుగుతుంది, 2.45 నుంచి దానికీ ఎంప్టీ ఆప్షన్ ఉంది. కమిట్లు వందల్లో ఉంటే ప్రతిదానికీ ఆగడం భరించలేం, పదీ ఇరవై అయితే ఆగడమే మేలు.

కీప్ నేను వాడేది ఒక్క చోటే. పాత చరిత్రలోని ప్రతి కమిట్‌కూ కొత్తదానిలో జోడీ ఉండాలి, లెక్క తప్పకూడదు అన్నప్పుడు. మిగతా వేళల్లో అది ఖాళీలను పోగేస్తుంది, పైగా వాటిలో ఏది కావాలని పెట్టిందో, ఏది దారిలో ఖాళీ అయిందో తర్వాత చూసేవారికి తెలియదు. కీప్‌తో ఉంచాల్సి వస్తే, ఎందుకు ఖాళీ అయిందో మెసేజ్‌లో ఒక వాక్యం చేరుస్తాను.