కంచెలో మొలిచే వేప, సుబాబుల్ మొక్కలకు చిన్న గడ్డపార: చాలా ఏళ్లు వాడాక

హైదరాబాద్ సైనిక్‌పురిలో మా ఇంటి గోరింట కంచెలో ఎవరూ నాటకుండానే మొలిచే చెట్లను తీయడానికి చాలా ఏళ్లుగా మూడడుగుల గడ్డపారే వాడుతున్నాను, దీన్ని మించింది నాకు దొరకలేదు.

కత్తెర ఈ పనికి అస్సలు పనికిరాదు. జూన్, జూలైలో వేపపండ్లు తిన్న పిట్టలు కంచె మీదే వాలి గింజలు వదులుతాయి, మొలిచిన మొక్కను మాలి గోరింటతో పాటే పైపైన సమంగా కత్తిరించేస్తాడు, ఇక అది పైకి కనిపించదు, లోపల మొదలు మాత్రం లావెక్కుతూనే ఉంటుంది. సుబాబుల్ ఇంకా మొండిది, ఒక్క కాండం కోస్తే నాలుగు పిలకలు వేస్తుంది. అందుకే నెలకోసారైనా వంగి కొమ్మల అడుగున చూడాలి.

రెండు మూడు మంచి వానలు పడ్డాక తీయండి. ఎండాకాలంలో మా మొరం నేల రాయిలా ఉంటుంది, వేరు మధ్యలో తెగి మళ్లీ చిగురిస్తుంది. గోరింట మొదళ్లకు అవతలి వైపు నుంచి గడ్డపారను ఏటవాలుగా దించి, కింద ఇటుక ముక్క పెట్టి నొక్కుతూ, రెండో చేత్తో మొక్కను నేలకు దగ్గరగా పట్టుకుని లాగితే తల్లివేరుతో సహా వస్తుంది, గోరింట కదలదు. ముందు డ్రిప్ పైపు ఎటు పోయిందో చూసుకోండి. ముదురు గోరింటకు ముళ్లుంటాయి కాబట్టి గ్లవ్స్ తప్పనిసరి.

మణికట్టంత లావైతే మాత్రం గడ్డపార వల్ల కాదు. మడత రంపంతో నేలమట్టంగా కోసి, వచ్చిన పిలకనల్లా గిల్లుతూ పోవాలి, నెలలు పడుతుంది, కానీ చస్తుంది. గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టమని కొందరు చెప్తారు, నేను ఒప్పుకోను. ఆకుల మీద పడితే గోరింట కూడా పోతుంది, పైగా 2022 నుంచి దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే కొట్టాలని కేంద్రం నిబంధన పెట్టింది. అలాగని వదిలేస్తే వేప పెద్ద చెట్టవుతుంది, అప్పుడు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి.

రావి మొక్క పీకాలంటే మా అమ్మకు మనసొప్పదు, నాకూ అంతే. అది బెత్తెడు ఉండగానే వేరుతో తీసి కుండీలో పెట్టి, నిలదొక్కుకున్నాక గుడివాళ్లకు ఇస్తాం.

గడ్డపార కొనేటప్పుడు ఐదడుగులది తీసుకోకండి, బరువు సంగతి అటుంచి, కొమ్మల మధ్య తిప్పడానికి చోటే ఉండదు.