గానుగ షాపులో కాచి ఇచ్చే గుంటగలగర నూనె: నా రేటింగ్ 4/5

మా ఏరియాలో గానుగ షాపు ఒకటుంది, నువ్వుల నూనె, కొబ్బరి నూనె ఆడిస్తారు, ఆర్డర్ ఇస్తే గుంటగలగర నూనె కూడా కాచి ఇస్తున్నారు. భృంగరాజ్ అని సీసాల మీద పెద్దక్షరాలతో వేసేది ఈ మొక్కే అండీ, చిన్న తెల్లపూలతో కాలువ పక్కన, వరి గట్ల మీద పిచ్చిగా మొలుస్తుంది, కలుపు తీసేవాళ్లు పీకి అవతల పడేస్తారు. ఇంట్లో ఉన్న కంపెనీ సీసా (పేరు రాయను) వెనక్కి తిప్పి చూస్తే లైట్ లిక్విడ్ పారాఫిన్ అని ఉంది, అంటే మినరల్ ఆయిలే, ఆకు పేరు ఎక్కడో అడుగున. దానికంత రేటు ఎందుకు పెట్టాలి?

ఈ షాపులో నాకు నచ్చింది ఏంటంటే కాచేటప్పుడు నిలబడి చూడనిస్తారు. ఆయుర్వేదం లెక్క ప్రకారం తైలం అంటే ఒక వంతు ఆకు ముద్ద, నాలుగు వంతులు నూనె, పదహారు వంతులు పసరు, అంటే లీటరు నూనెకి నాలుగు లీటర్ల పసరు పట్టాలి. ఆ పసరు తీయడానికి ఎంత ఆకు కావాలో రోట్లో ఒక్కసారి దంచి చూస్తే తెలుస్తుంది, చవగ్గా ఎందుకు రాదో కూడా తెలుస్తుంది. వీళ్లు నువ్వుల నూనెలో పోసి సన్న సెగ మీద నీరంతా ఇగిరేదాకా కాచారు, చివర్లో ఆ ముద్దని వేళ్ల మధ్య వత్తిలా చేసి మంటలో పెట్టారు, చిటపటమనకపోతే తడి లేనట్టు, అప్పుడు దించారు. ఈ పరీక్ష చేసేవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారండీ!

ఆకు అసలుదో కాదో మీరే చూసుకోవచ్చు, అరచేతిలో నలిపితే పసరు కాసేపట్లో నల్లబడుతుంది. అందుకే పాతరోజుల్లో ఈ పసరులో గుడ్డ తడిపి ఆరబెట్టి, వత్తి చేసి ఆముదం దీపం పెట్టి కాటుక పట్టేవాళ్లు, పచ్చబొట్లకి కూడా ఇదే వాడేవాళ్లు. నర్సరీల్లో నేల మీద పాకించడానికి అమ్మే పసుపు పూల తీగ వేరు, అది చూసి ఇదే అనుకోకండి.

ఇక పనితనం. తల చల్లగా ఉంటుంది, నిద్ర బాగా పడుతుంది, జుట్టు మెత్తబడింది. తెల్లజుట్టు నల్లబడిందా అంటే లేదు, పోయినచోట కొత్తది వచ్చిందా అంటే అదీ లేదు, ఎవరైనా వస్తుందని చెప్తే నవ్వి ఊరుకోండి. జలుబు, సైనస్ ఉన్నవాళ్లు రాత్రిపూట పెట్టుకోకపోతేనే మేలు, మా ఆవిడకి పడలేదు. వాసన కూడా పచ్చి గడ్డి వాసన, సెంటు వాసన అలవాటైనవాళ్లకి కష్టమే, దిండు గలేబుకి ఆకుపచ్చ మరక పడితే ఒక పట్టాన పోదు.

స్టార్ తగ్గించింది మాత్రం వీటికి కాదు. కౌంటర్ దగ్గర కామెర్లకి ఇదే పసరు పరగడుపున తాగమని వచ్చినవాళ్లందరికీ చెప్తున్నారు. నాటువైద్యంలో ఆ వాడకం ఉన్న మాట నిజమే, ఈ ఆకుతో పచ్చడి చేసుకునే ఇళ్లూ ఉన్నాయి, కాదనను. కానీ కామెర్లు అంటే వైరస్ కావచ్చు, పిత్తాశయంలో రాయి అడ్డుపడీ రావచ్చు, రక్తపరీక్ష చేయించకుండా పసరు తాగి కూర్చుంటే ఎలా? పైగా మురుగు కాలువ పక్కదో, కలుపు మందు కొట్టిన పొలంలోదో అయితే తలకి రాయడం వేరు, కడుపులోకి పోయడం వేరు.

కొనాలనుకుంటే వానాకాలంలో ఆర్డర్ ఇవ్వండి, పచ్చి ఆకు దండిగా దొరుకుతుంది. ఎండాకాలం ఎండు పొడి వేసి కాస్తారంట, అడిగితే దాచకుండా చెప్తారు, రేటు మాత్రం తగ్గించరు. స్టీలు డబ్బా మీరే తీసుకెళ్లండి, వాళ్లిచ్చే ప్లాస్టిక్ సీసా మూత కారుతుంది.