పాత పెంకుటిల్లు కొనేముందు రిపేరు ఖర్చు లెక్క కట్టించాం: హన్మకొండ ఇంజనీరు సారు పని మీద రివ్యూ

పరకాల దాటాక ఒక ఊర్లో పాత పెంకుటిల్లు బేరానికి వచ్చింది. బయానా ఇవ్వకముందే దానికి రిపేరు ఎంతవుతుందో పద్ధతిగా లెక్క కట్టించాం. ఆ పని చేసిపెట్టింది హన్మకొండలో ఉండే ఒక రిటైర్డ్ ఇంజనీరు సారు, ఆయన వెంట వచ్చే సుతారి (తాపీ) మేస్త్రీ, వడ్లాయన (వడ్రంగి). ముగ్గురికీ కలిపి పన్నెండు వేలు, ఊరికి రాను పోను బండి మనమే పెట్టుకోవాలి. ఐదుకు నాలుగున్నర ఇస్తున్నా, ఆ అర ఎందుకు తగ్గించానో కింద చెప్తా. సారు తెలిసినవాళ్ల ద్వారా వచ్చిన పనులే ఒప్పుకుంటారు, అందుకే పేరు, నంబరు పెట్టడం లేదు. కానీ ఇలా ఇల్లు చూసి లెక్క కట్టేవాళ్లు వరంగల్‌లోనూ కరీంనగర్‌లోనూ ఇంకా ఉన్నారు, వాళ్లు ఏమేం చూడాలో, కాయితం మీద ఏమేం రాసివ్వాలో తెలిస్తే మీరు గట్టిగా అడిగి చేయించుకోవచ్చు.

ఇల్లు ఎట్లాంటిదంటే, నాలుగు వైపులా అర్రలు, మధ్యలో గచ్చు వేసిన వాకిలి, దాదాపు రెండడుగుల మందం మట్టి గోడలు, టేకు దూలాలు, పైన బెంగళూరు పెంక. జాగా 400 గజాలు, కప్పు కింద ఉన్నది 1,400 చదరపు అడుగులు. అడిగిన ధర 32 లక్షలు. మధ్యవర్తి "నాలుగైదు లక్షలు పెడితే సాఫ్ అయితది" అన్నాడు. ఒక కాంట్రాక్టరు వాకిట్లో నిలబడి చుట్టూ ఒకసారి చూసి, అడుగుకు వెయ్యి చొప్పున పద్నాలుగు లక్షలన్నాడు. ఇద్దరిలో ఒక్కరు కూడా నిచ్చెన అడగలేదు. అటక మీదికి ఎక్కకుండా పెంకుటింటికి ధర ఎట్లా చెప్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సారు మొదట ఇంట్లోకే రాలేదు. వీధిలో నిలబడి పక్కింటి పెద్దమ్మను "2023 జూలై వానలకు నీళ్లు ఎక్కడిదాక వచ్చినయమ్మా" అని అడిగారు. ఆ జూలైలోనే భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచేసింది, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. మన వైపు పాత ఇంటికి అంతకంటే పెద్ద పరీక్ష లేదని ఆయన లెక్క. ఆ వానకు గోడ జారిందా, నీళ్లు గడప దాటినయా, ఎన్ని రోజులు నిలిచినయి అన్నది ఇరుగుపొరుగును అడిగితే నిజం తెలుస్తుంది, అమ్మేవాళ్లను అడిగితే తెలియదు. పెద్దమ్మ "ముంగటి అర్రల మోకాలు బంటి" అని చెప్పింది. అమ్మేవాళ్లు ఆ మాట ఎత్తనేలేదు.

నీళ్లు ఎందుకొచ్చాయో తర్వాత తేలింది. మేస్త్రీ నీళ్ల పైపు పట్టి లెవల్ చూస్తే సీసీ రోడ్డు కంటే మా గడప తొమ్మిది అంగుళాలు కిందికి ఉంది. ఇది మన ఊర్లలో చాలా ఇండ్ల కథే, పాత రోడ్డు తవ్వకుండా దాని మీదనే మళ్లీ మళ్లీ వేసుకుంటూ పోతే రోడ్డు లేచి ఇల్లు పల్లంలో పడుతుంది. లోపల నేల ఎత్తు చేద్దామంటే దర్వాజాలు పొట్టివైపోతాయి, దర్వాజా లేపితే పైన గోడ కదులుతుంది. అందుకని సారు నేల ముట్టుకోకుండా, వీధి వైపు గోడ పొడుగునా మోరీ, గడప ముందు ఒక చిన్న కట్ట, పెరట్లోకి వాలు పెట్టి నీళ్లు తీసుకుపోయే పైపు రాశారు. పెద్ద ఖర్చేం కాదు, కానీ కాంట్రాక్టరు చెప్పిన "అడుగుకు వెయ్యి"లో అది లేనే లేదు.

గోడల దగ్గర ఆయన చెప్పింది ప్రతి పాత ఇంటికీ పనికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా. ముందటి ఓనర్లు గోడల కింది భాగానికి మూడడుగుల ఎత్తు వరకు సిమెంటు ప్లాస్టరు చేయించారు. పైకి చూస్తే గట్టిగా, నున్నగా ఉంది. మేస్త్రీ సుత్తి వెనక భాగంతో కొడితే డొల్ల శబ్దం వచ్చింది, ఒక పెచ్చు ఊడదీస్తే వెనక మట్టి చేతికి తడిగా తగిలింది. భూమిలోని తేమ మట్టి గోడ గుండా పైకి పాకుతుంది, సున్నం పూత ఉంటే ఆ తేమ మెల్లగా బయటికి ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది, తేమ లోపలే ఉండి ఇంకా పైకి ఎక్కుతుంది, గోడ అడుగు మెత్తబడుతుంది. కాబట్టి సిమెంటు మొత్తం కొట్టేసి, గోడను ఎండనిచ్చి, తర్వాత డంగు సున్నంతో (గానుగలో ఇసుకతో కలిపి నూరిన సున్నం) పూయాలి. ఇప్పుడు సున్నం పని తెలిసిన సుతారులు తక్కువ, తెలిసినవాళ్లు కూలి ఎక్కువ అడుగుతారు, ఒక పూత ఆరాకే రెండో పూత వేయాలి కాబట్టి రోజులు కూడా ఎక్కువ పడతాయి. ఆ రోజుల కూలి కూడా లెక్కలో వేశారు.

తూర్పు అర్ర మూలన ఏటవాలు పగులు ఒకటి ఉంది. అది చూసి మాకు టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే కింద నల్లరేగడి, అది వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, పునాది దాంతోపాటు కదులుతుంది. సారు అప్పటికప్పుడు ఏమీ తేల్చలేదు. పగులుకు అడ్డంగా సన్నటి అద్దం ముక్కలు అతికించి, పక్కన పెన్సిల్‌తో తేదీ రాసి, వానలు కొన్ని పడ్డాక మళ్లీ వచ్చి చూశారు. అద్దం పగలలేదు, అంటే అది పాత పగులు, ఇప్పుడు గోడ కదలడం లేదు. పగిలి ఉంటే పునాది కింద పని పడేది, అప్పుడు ఈ బేరమే వదిలేయమని చెప్పేవాణ్ణని అన్నారు. రెండోసారి వచ్చినందుకు వేరే ఫీజు తీసుకోలేదు.

ఇక కప్పు. నాకు ఈ సేవలో బాగా నచ్చింది ఇక్కడే. కాంట్రాక్టర్లు చాలామంది నేల కొలిచి అదే కప్పు కొలత అనుకుంటారు. పెంకు కప్పు ఏటవాలుగా ఉంటుంది, ముప్పై డిగ్రీల వాలు ఉంటే కప్పు నేలకంటే పదిహేను శాతం పైగా ఎక్కువ, దాని మీద గోడ దాటి బయటికి వచ్చే చూరు వేరే. మా 1,400 అడుగుల ఇంటికి కప్పు లెక్క 1,900 దాటింది. చదరపు మీటరుకు సుమారు పదిహేను పెంకలు పడతాయి, ఆ లెక్కన మొత్తం 2,650 దాకా కావాలి. నేల కొలతతో లెక్కేస్తే ఏడు వందల పెంకలు తక్కువ పడేవి, వాటికి సరిపడా వాసాలు, పట్టీలు కూడా తక్కువ పడేవి, సగం పని అయ్యాక "అన్నా, ఇంకో లక్ష కావాలె" అని ఫోన్ వచ్చేది. మేస్త్రీ కొన్ని వరసల పెంకలు దింపి ఒక్కొక్కటి వేలితో తట్టి చూశాడు, ఖణేల్‌మన్నది ఒక పక్క, మొద్దు శబ్దం వచ్చింది ఇంకో పక్క. దాన్నిబట్టి మూడింట రెండొంతులు మళ్లీ వాడుకోవచ్చని రాశారు.

దూలాల దగ్గర వడ్లాయన ఒక స్క్రూడ్రైవర్, ఒక టార్చి పట్టుకుని అటకలో చాలాసేపు ఉన్నాడు. మధ్యలో టేకు రాయిలా ఉంది. ఆయన చూసిందంతా కొనలు, గోడలో దూరే చోటు. దూలం కుళ్లితే అక్కడే మొదలవుతుంది, గోడ తేమ తగిలేది, చెద ఎక్కేది, కంటికి కనబడనిది ఆ కొన భాగమే. పశ్చిమం వైపు రెండు దూలాల కొనల్లో స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది. మొత్తం దూలం మార్చాల్సిన పని లేదట, కుళ్లిన ముక్క కోసేసి రెండు పక్కలా ఇనుప పట్టీలు బోల్టులతో బిగించి, కింద రాతి దిమ్మె పెడితే చాలన్నాడు. రెండు కొత్త టేకు దూలాల ధర తప్పిపోయింది. చాలామంది పాత ఇల్లు కొనేది టేకు కోసమే, కూలగొట్టి కలప అమ్ముకుంటారు. ఈయన మాత్రం దూలాలను ఇంట్లోనే బతికించే లెక్క చెప్పాడు, అందుకే ఆయన మీద నాకు గౌరవం.

పెంక తీసేసి స్లాబు వేస్తే ఎట్లా ఉంటుందని మా తమ్ముడు అడిగాడు, ఆ సలహా ఊర్లో అందరూ ఇచ్చిందే. సారు కోప్పడలేదు కానీ గట్టిగానే చెప్పారు: "ఈ మట్టి గోడ స్లాబు బరువు మోయదు బిడ్డా. స్లాబు గావాల్నంటె పునాది నుంచి పిల్లర్లు లేపాలె. అది రిపేరు గాదు, కొత్త ఇల్లు."

రిపోర్టు విషయానికొస్తే, ప్రతి పనికీ కొలత, రేటు, మొత్తం వేరువేరుగా ఉన్నాయి. రేట్లకు ప్రభుత్వ ఎస్‌ఎస్‌ఆర్ (నిర్మాణ పనులకు సర్కారు పెట్టే రేట్ల పట్టిక) చూసి, దాన్ని హన్మకొండ బజారు ధరలతో సరిచేశారు, కింద తేదీ వేసి మూడు నెలల వరకే ఈ లెక్క చెల్లుతుందని రాశారు. ఆ తేదీ ముఖ్యం. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, అంతకుముందు రేట్లతో రాసిన అంచనా ఎవరైనా చూపిస్తే సిమెంటు వరస మళ్లీ లెక్కేయించండి. పనిని మూడు భాగాలు చేశారు. వానాకాలం రాకముందే చేయాల్సినవి, అంటే కప్పు, దూలాల కొనలు, మోరీ, గోడల అడుగు, అన్నీ కలిపి తొమ్మిదిన్నర లక్షలు. ఇంట్లో ఉండటానికి కావాల్సినవి, బాత్రూములు, సెప్టిక్ ట్యాంకు, కరెంటు, వంటిల్లు, ఆరు లక్షలు. ఆగినా పర్వాలేదనిపించేవి మూడున్నర. మొత్తం 19, దాని మీద విప్పితే గానీ తెలియని పనులకని 15 శాతం పెట్టుకోమన్నారు, అంటే ఇరవై రెండు లక్షల దాకా చేతిలో ఉండాలి.

మధ్యవర్తి చెప్పిన నాలుగైదు లక్షలకూ దీనికీ ఉన్న తేడా చూసి ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కానీ అదే కాయితం బేరంలో పనికొచ్చింది. ఇల్లు బాగాలేదు, తగ్గించండి అని అడిగితే ఎవరూ తగ్గించరు, మాట పెరుగుతుంది. మేం మొదటి భాగం మాత్రమే ఇల్లు అమ్మే అన్నదమ్ముల ముందు పెట్టి వరస వరస చదివి వినిపించాం, తడి మట్టి చూపించాం, దూలం కొన చూపించాం. 32 అడిగినవాళ్లు 27కు ఒప్పుకున్నారు.

ఇప్పుడు లోపాలు. కరెంటు పని మొత్తానికి ఒక్క వరసలో "లక్షా ఇరవై వేలు" అని రాసేశారు, ఎన్ని పాయింట్లు, మోటారుకు త్రీ ఫేజ్ కావాలా, ఎర్తింగ్ ఉందా అనేది ఏమీ లేదు. దూలాల్ని అంత శ్రద్ధగా చూసినవాళ్లు మీటరు బోర్డును అంత తేలికగా వదిలేయడం నాకు నచ్చలేదు, పాత వైరింగ్ కప్పు చెక్క మీదుగా పోయే ఇంట్లో అది ప్రాణాల సంగతి. మేం వేరే ఎలక్ట్రీషియన్‌ను తెచ్చి చూపించాం, ఆయన లెక్క లక్షా అరవై. రిపోర్టు చేతిరాతలో ఉంది, సగం పొట్టి అక్షరాలు, అవి ఏంటో ఫోన్ చేసి అడగాల్సి వచ్చింది. అనుకున్నదానికంటే ఆలస్యంగా కూడా ఇచ్చారు, అప్పటికి అమ్మేవాళ్లు వేరే పార్టీతో మాట్లాడటం మొదలుపెట్టారు. ఈ మూడింటికీ కలిపి ఆ అర తగ్గించా.

కాయితాలు ఆయన చూడరు, అది ముందే చెప్తారు. గ్రామకంఠంలో (ఊరి నివాస జాగాలో) ఉన్న ఇంటికి పొలానికి ఉన్నట్టు పట్టా పాస్‌బుక్ ఉండదు, ఇంటి నంబరు, పన్ను రశీదులు, పంచాయతీ రికార్డు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద అమ్మకాలు, తాకట్లు చూపించే సర్టిఫికెట్), ఇవి వకీలుతో చూపించుకోండి. తాత తండ్రుల నాటి ఇల్లయితే ఆడబిడ్డల సంతకాలు కూడా తీసుకోండి, 2005 సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో వాళ్లకు కొడుకులతో సమానంగా హక్కు ఉంది. మా దగ్గర అన్నదమ్ములు సంతకాలకు సిద్ధంగా ఉన్నారు, అక్కాచెల్లెళ్ల మాట ఎత్తింది మా వకీలే.

మొదటి భాగం పని పూర్తయింది. తొమ్మిదిన్నర లక్షల అంచనాకు పది లక్షల నలభై వేలయింది, ఎక్కువైనదాంట్లో చాలావరకు సున్నం కూలి. పెంకలు లెక్కకు దాదాపు సరిపోయాయి. ఆయన పెట్టుకోమన్న 15 శాతం లోపలే ఉంది కాబట్టి అప్పు కోసం తిరగాల్సిన అవసరం రాలేదు.

ఇలాంటివాళ్లను పిలిపించుకునేటప్పుడు కొన్ని పెంకలు దింపడానికి, ఒకటి రెండు చోట్ల ప్లాస్టరు గీకడానికి అమ్మేవాళ్ల దగ్గర ముందే ఒప్పుకోలు తీసుకోండి, లేకపోతే సగం చూసి వెనక్కి రావాల్సి వస్తుంది. పొడుగు నిచ్చెన ఊర్లోనే మాట్లాడి పెట్టుకోండి. గట్టి వాన పడ్డ మర్నాడు చూపిస్తే అన్నిటికంటే మంచిది, కాకపోతే జూలై, ఆగస్టుల్లో సారుకు పని ఎక్కువ, ఎండాకాలంలోనే చెప్పిపెట్టుకోవాలి. పని మొదలుపెట్టేది ఎప్పుడన్నది కూడా ఆయన్నే అడగండి, పత్తి ఏరే రోజుల్లో మా వైపు కూలీలు దొరకరు, దొరికినా రేటు ఎక్కువ, ఆ తేడా అంచనాలో వేసి ఇవ్వమంటే ఇస్తారు.